నున్నటి గోడ, గరుకు గోడ: గ్యాస్ టర్బైన్లలో జెట్ ఇంపింజ్‌మెంట్ కూలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

మెకానికల్ విద్యార్థులు, గ్యాస్ పవర్ ప్లాంట్లలో పనిచేసే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. లెక్కలు వచ్చినచోట ఉజ్జాయింపు విలువలే వాడాను. ఒక అంకె పదుల్లో ఉంటుందా, వేలల్లో ఉంటుందా అన్నది ముందు పట్టుబడితే మిగతాది ఎవరైనా సరిచేసుకోగలరు.

అసలు టర్బైన్ బ్లేడును చల్లబరచాల్సిన అవసరం ఏమిటి?

టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఎంత వేడిగా ఉంటే అదే ఇంజిన్ నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. అందుకే డెబ్భై ఎనభై ఏళ్లుగా ఆ వేడిని పెంచుకుంటూనే వచ్చారు. ఇప్పటి పెద్ద యంత్రాల్లో టర్బైన్ ముఖం దగ్గర వాయువు 1600 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బ్లేడు చేసే నికెల్ సూపర్ అల్లాయ్ మాత్రం 1300 దాటితే కరగడం మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి బరువు మోయాలంటే దాన్ని 1100 లోపే ఉంచాలి. పైగా తిరిగే బ్లేడును అపకేంద్ర బలం టన్నుల కొద్దీ లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకి వేడి లోహం మెల్లగా సాగుతుంది, దాన్నే క్రీప్ అంటాం. లోహం మనం అనుకున్నదానికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే బ్లేడు ఆయుష్షు సగానికి పడిపోవచ్చన్నది ఈ రంగంలో అందరూ గుర్తుపెట్టుకునే లెక్క. కింద వచ్చే ప్రతి శాతాన్నీ ఈ 30 డిగ్రీలతో పోల్చి చూడండి.

బ్లేడు లోపల గాలి పంపే ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీకి నికెల్ కరువైంది. అప్పటి యుంకర్స్ జూమో 004 జెట్ ఇంజిన్‌లో లోపల బోలుగా ఉన్న బ్లేడ్లు వాడి, వాటిలోంచి గాలి పంపారు. మంచి లోహం దొరకనప్పుడు మొదలైన ఉపాయం ఇప్పుడు ఎంత మంచి లోహం దొరికినా తప్పనిసరి అయింది.

ఇంపింజ్‌మెంట్ అంటే ఏం చేస్తారు?

పొయ్యి మీంచి దించిన పెనాన్ని కుళాయి కింద పెట్టండి. ధార నేరుగా పడినచోట పెనం ముందు చల్లబడుతుంది. అక్కడి నుంచి నీరు పల్చటి పొరగా చుట్టూ పాకుతుంది, దూరం వెళ్లేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. టర్బైన్‌లో నీటి బదులు గాలి, కుళాయి బదులు ఒక మిల్లీమీటరు వెడల్పున్న రంధ్రం. రంధ్రంలోంచి వేగంగా చిమ్మిన గాలి ఎదుటి గోడను నిలువుగా కొడుతుంది.

నిలువుగా కొట్టడం వల్ల లాభం ఏమిటంటే, ప్రతి గోడనూ అంటుకుని మందకొడిగా కదిలే ఒక గాలి పొర ఉంటుంది. వేడి బయటికి పోకుండా అడ్డుపడేది ఆ పొరే. గోడ వెంబడి గాలి పారితే ఆ పొర క్రమంగా మందమవుతుంది. ధార తలమీద కొడితే అక్కడ ఆ పొర నలిగి చాలా పల్చబడుతుంది. బ్లేడు లోపల గాలితో వేడి లాగే పద్ధతులన్నింటిలో, ఒకేచోట అత్యధికంగా లాగగలిగేది ఇదే. గట్టిపరిచిన గాజు తయారీలో కాలుతున్న పలకను గాలి ధారలతో చల్లార్చేదీ ఇదే కారణం చేత.

ఇంజిన్‌లో ఇది ఎక్కడెక్కడ ఉంటుంది?

అన్నింటికంటే ఎక్కువ వాడకం మొదటి వరుస స్టేటర్ వేన్లలో, అంటే తిరగకుండా నిలిచి వాయువును బ్లేడ్ల మీదికి మళ్లించే రెక్కల్లో. వేన్ లోపల బోలుగా ఉంటుంది, అందులో చిల్లులు పొడిచిన పల్చటి రేకు గొట్టాన్ని దూర్చుతారు. దాన్ని ఇన్సర్ట్ అంటారు. గాలి ఇన్సర్ట్‌లోకి వచ్చి, చిల్లుల్లోంచి చిమ్మి, వేన్ లోపలి గోడను కొడుతుంది. తిరిగే బ్లేడులో విడిగా రేకు పెడితే అది ఆ వేగానికి నిలవడం కష్టం. కాబట్టి పోతపోసేటప్పుడే లోపల ఒక అడ్డుగోడ, దానికి వరుసగా చిల్లులు ఉండేలా చూస్తారు. ఆ చిల్లుల్లోంచి వచ్చిన గాలి బ్లేడు ముందు అంచును లోపలి నుంచి కొడుతుంది. ముందు అంచు మీదే వేడి వాయువు ఎదురుగా వచ్చి పడుతుంది కాబట్టి గట్టి ధారలు అక్కడే కావాలి.

విద్యుత్ ప్లాంట్లలోని పెద్ద యంత్రాల్లో కంబస్టర్ (ఇంధనం మండే గది) నుంచి టర్బైన్‌కి వాయువును మోసే ట్రాన్సిషన్ పీస్ ఉంటుంది. కొన్ని రకాల యంత్రాల్లో దాని చుట్టూ చిల్లుల తొడుగు వేసి ధారలతో చల్లబరుస్తారు. విమాన ఇంజిన్లలో టర్బైన్ కేసింగ్ చుట్టూ గొట్టాలు చుట్టి, బయటి నుంచి గాలి కొట్టి కేసింగ్‌ను కాస్త కుదించడం కూడా ఉంది. బ్లేడు చివరకీ కేసింగ్‌కీ మధ్య సందు తగ్గించడానికి చేసే పని అది.

ఆ చల్లగాలే 650 డిగ్రీలు ఉంటుందట కదా, దాంతో చల్లబరచడం ఏమిటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి విషయం సగం అర్థమైనట్టే. గాలి కంప్రెసర్ నుంచి వస్తుంది. ఒత్తిడి పెంచితే గాలి వేడెక్కక తప్పదు. కొత్త విమాన ఇంజిన్లలో కంప్రెసర్ చివర గాలి 650 డిగ్రీల దాకా పోతుంది. అయినా 1600తో పోలిస్తే అది చల్లనిదే.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒత్తిడి 30 బార్, గాలి 650 డిగ్రీలు, రంధ్రం వెడల్పు 1 మిల్లీమీటరు, రంధ్రానికి అటూ ఇటూ ఒత్తిడి తేడా 2 శాతం అనుకోండి. ధార వేగం సుమారు సెకనుకు 100 మీటర్లు, రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకీ ఉన్న నిష్పత్తి) దాదాపు 29,000 వస్తాయి. సగటు నుసెల్ట్ సంఖ్య (కదిలే గాలి, కదలని గాలి కంటే ఎన్ని రెట్లు వేడి లాగుతుందో చెప్పేది) 60 అనుకుంటే ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 3,800 వాట్లు. బయట వేడి వాయువు వైపు గుణకం 3,000 అనుకుని, గోడ మందాన్నీ, పైన ఉండే సిరామిక్ పూతనూ, ఫిల్మ్ కూలింగ్‌నూ (సన్నటి రంధ్రాల్లోంచి బయటికి వచ్చిన గాలి బ్లేడు మీద పొరలా పరుచుకోవడం) పక్కన పెడితే లోహం సుమారు 1069 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అసలు ఇంజిన్‌లో ఆ రెండు రక్షణలూ ఉంటాయి కాబట్టి ఇంకా తక్కువే ఉంటుంది. 1069 అనే ఈ అంకె గుర్తుంచుకోండి, గరుకు గోడ దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ గాలి ఊరికే రాదన్నది కూడా చెప్పాలి. ఇంధనం కాల్చి, కంప్రెసర్ తిప్పి, ఒత్తిడి పెంచిన గాలి అది. కొన్ని విమాన ఇంజిన్లలో కంప్రెసర్ గాలిలో ఐదో వంతు దాకా చల్లబరచడానికే పోతుంది. ఒక శాతం గాలి మిగిల్చినా ఇంజిన్ రూపకర్తకి అది పండగే.

రంధ్రం గోడకి ఎంత దూరంలో ఉండాలి?

ఒంటరి ధార అయితే రంధ్రం వెడల్పుకి 6 రెట్లు దూరంలో కేంద్రం దగ్గర ఎక్కువ వేడి లాగుతుంది. ధార బయటికి వచ్చాక మధ్యలో దాని అసలు వేగం సుమారు 5, 6 వెడల్పుల దూరం దాకా చెదరకుండా ఉంటుంది. అది ముగిసే చోటుకి అల్లకల్లోలం కూడా మధ్యకి చేరుకుంటుంది. వేగం ఇంకా తగ్గలేదు, కల్లోలం వచ్చింది, అందుకే అక్కడ ఎక్కువ.

బ్లేడు లోపల అంత చోటు ఉండదు. వరుసల కొద్దీ ధారలు ఉన్నప్పుడు 2, 3 రెట్ల దూరమే మామూలుగా వాడతారు. ఇంత దగ్గరగా పెట్టినప్పుడు ఒక చిత్రం కనిపిస్తుంది. ఉష్ణ బదిలీ కేంద్రం దగ్గర ఎక్కువగా ఉండి, బయటికి వెళ్తుంటే తగ్గి, సుమారు రెండు వెడల్పుల దూరంలో మళ్లీ కొంచెం లేస్తుంది. ధార అంచుల్లో పుట్టిన సుడులు అక్కడ గోడను తాకి, పొరను కలచడమే దీనికి కారణం. మొదటిసారి ఈ రెండో శిఖరాన్ని కొలిచిన విద్యార్థి తన పరికరం చెడిపోయిందనుకుని టెన్షన్ పడతాడు. చెడిపోలేదు. అది కనిపిస్తేనే రిగ్ (ప్రయోగానికి కట్టిన ఏర్పాటు) బాగా పనిచేస్తున్నట్టు.

క్రాస్‌ఫ్లో అంటే ఎందుకంత భయపడతారు?

గోడను కొట్టిన గాలి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. పోయే దారి ఒకవైపే ఉంటే మొదటి వరుస గాలి రెండో వరుస ధారల మధ్యలోంచి, ఆ రెండూ కలిసి మూడో వరుస మధ్యలోంచి పోతాయి. పదో వరుస దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా పారే గాలి ఏరులా ఉంటుంది. ధార గోడను నిలువుగా కొట్టలేక పక్కకి వంగిపోతుంది.

ఈ విషయాన్ని లెక్కగట్టి వాడుకోదగ్గ సూత్రంగా మలిచినవారిలో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోర్ష్యూట్జ్, ట్రూమన్, మెట్జ్‌గర్ ముఖ్యులు. వాళ్ల 1981 నాటి సూత్రాన్ని ఇప్పటికీ మొదటి అంచనాకి వాడుతున్నారు. ఆ సూత్రం నున్నటి గోడకి చెందినది. గరుకు గోడ మీద వచ్చిన ఫలితాన్ని దానితో పోల్చుకోవచ్చు, దాని నుంచి రాబట్టలేం.

గోడను గరుకు చేస్తే ఏం ఒరుగుతుంది?

రెండు లాభాలున్నాయి, రెండింటినీ విడివిడిగా చూడాలి. ఒకటి, బొడిపెలో గట్లో పెడితే గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది. రెండోది, గోడ వెంట పాకే గాలి వాటికి తగిలి చెదిరి, మందమవుతున్న పొర తెగి, మళ్లీ కొత్తగా మొదలవుతుంది. చాలామంది రెండో కారణాన్నే గొప్పగా చెబుతారు. ఇన్నేళ్లు కొలిచిన తర్వాత నా అభిప్రాయం వేరు. ఇంపింజ్‌మెంట్‌లో ఎక్కువ లాభం వైశాల్యం నుంచే వస్తుంది. ధార అప్పటికే పొరను నలగ్గొట్టేసింది, కాబట్టి బొడిపె కొత్తగా కలచడానికి మిగిలేది తక్కువ. ధారలకి మధ్య ఉండే చోట్లలో మాత్రం కలచడం కూడా బాగా పనిచేస్తుంది.

ఇదే కారణంతో గరుకుదనం విలువ చోటును బట్టి మారుతుంది. క్రాస్‌ఫ్లో బలహీనంగా ఉండే మొదటి వరుసల్లో లాభం స్వల్పం, ఒక్కోసారి కాస్త నష్టం కూడా. క్రాస్‌ఫ్లో ముదిరిన చివరి వరుసల్లో ధార పని సగం ఆగిపోతుంది. అక్కడ అడ్డంగా పోయే గాలిని బొడిపెలు పట్టుకుని పని చేయిస్తాయి. గోడ మొత్తం ఒకే రకం గరుకు అద్దడం కంటే ముందు వరుసలు నున్నగా, వెనక వరుసలు గరుకుగా ఉంచడమే నాకు సబబుగా తోస్తుంది.

అంకెల్లో చెప్పాలంటే, చిన్న ఘనాకార బొడిపెలున్న పలక మీద ఒంటరి ధారతో చేసిన, 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సగటు నుసెల్ట్ సంఖ్య నున్నటి పలక కంటే సుమారు 9 నుంచి 28 శాతం పెరిగింది. అంతకుముందు 1992లో వచ్చిన మరో పరిశోధనలో గట్లున్న గోడ మీద కొన్ని పరిస్థితుల్లో ఉష్ణ బదిలీ తగ్గింది. రెండు గట్ల మధ్య గాలి బుడగలా చిక్కుకుపోయి, ధార గోడ దాకా చేరకుండా అడ్డుపడింది. గరుకు అంటే ఎప్పుడూ లాభమే అనుకునేవారికి ముందు ఈ ఫలితం చూపించాలి.

ఒక పేపర్ 40 శాతం పెరిగిందంటుంది, ఇంకొకటి తగ్గిందంటుంది. ఎవరిని నమ్మాలి?

నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. జవాబు కూడా వివరంగానే చెప్పాలి.

గోడ మీద 1 మిల్లీమీటరు వెడల్పు, 1 మిల్లీమీటరు ఎత్తు ఉన్న గుండ్రటి పిన్‌లు, అటూ ఇటూ కేంద్రం నుంచి కేంద్రానికి 2 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నాయనుకోండి. ఒక్కో పిన్ చుట్టూ ఉండే అదనపు వైశాల్యం 3.14 చదరపు మిల్లీమీటర్లు. అది ఆక్రమించే గడి 4 చదరపు మిల్లీమీటర్లు. మొత్తం వైశాల్యం నున్నటి గోడకి 1.785 రెట్లు. ఇప్పుడు పిన్‌ల వల్ల, గాలికి తగిలే ప్రతి చదరపు మిల్లీమీటరు దగ్గరా గుణకం సగటున 20 శాతం తగ్గిందనుకుందాం. పిన్ వెనక నీడలో గాలి మందగిస్తుంది కాబట్టి ఇది జరగదగ్గదే. 1.785ను 0.8తో గుణిస్తే 1.43. గోడ నుంచి పోయే మొత్తం వేడి 43 శాతం పెరిగింది.

పలక ఒకటే, ప్రయోగం ఒకటే. తడిసే వైశాల్యంతో, అంటే పిన్‌లతో కలిపి గాలికి తగిలే మొత్తం వైశాల్యంతో భాగించినవాడు గుణకం 20 శాతం తగ్గిందని రాస్తాడు. గోడ నీడ వైశాల్యంతో, అంటే పిన్‌లు లేవనుకున్న చదును వైశాల్యంతో భాగించినవాడు 43 శాతం పెరిగిందని రాస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ వైశాల్యంతో భాగించారన్న వాక్యం పేపర్లో ఎక్కడుందో ముందు వెతకండి. అది దొరక్కపోతే ఆ పేపర్లోని గ్రాఫును మరో పేపర్ గ్రాఫు పక్కన పెట్టకండి.

పైన లెక్కగట్టిన 1069 డిగ్రీలకి ఇప్పుడు ఈ 43 శాతం కలపండి. లోపలి గుణకం 3,800 నుంచి దాదాపు 5,430 అవుతుంది, లోహం 988 డిగ్రీలకి దిగుతుంది. 81 డిగ్రీల తేడా. 30 డిగ్రీలకే ఆయుష్షు సగమయ్యే చోట ఇది చాలా పెద్ద మాట.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఇందులో నేనే పడ్డాను. ల్యాబ్‌లో పిన్‌లు అల్యూమినియంతో చేస్తాం. అల్యూమినియం వేడిని బాగా మోస్తుంది, కాబట్టి పిన్ అడుగూ కొనా దాదాపు ఒకే వేడిలో ఉంటాయి. పది రెట్లు పెద్దగా చేసిన నమూనాలో పిన్ సామర్థ్యం (పిన్ అంతా అడుగంత వేడిగా ఉంటే పోయే వేడిలో నిజంగా పోయే వంతు) 99 శాతం దాకా వస్తుంది. అసలు బ్లేడులో ఉండే నికెల్ అల్లాయ్ అల్యూమినియంలో తొమ్మిదో పదో వంతు మాత్రమే వేడిని మోస్తుంది, పైగా గుణకం వేలల్లో ఉంటుంది. అదే ఆకారం పిన్ అక్కడ 80 శాతం చుట్టుపక్కలే పనిచేస్తుంది. పైన చెప్పిన 43 శాతంలో కొంత ఇలా కోతపడుతుంది. పిన్ ఎత్తు మూడు రెట్లు చేస్తే సామర్థ్యం 45 శాతం లోపుకి పడిపోతుంది. కొన చల్లబడి ఊరికే నిలబడుతుంది, బరువు మాత్రం పూర్తిగా మోయాలి. అందుకే ఇంజిన్లలో పొడవాటి పిన్‌ల కంటే పొట్టి బొడిపెలు మేలు.

ఏ ఆకారం మంచిది?

పొట్టి, మొద్దు శంకువులూ పొట్టి పిన్‌లూ ముందు అంచు లోపలి వంపుకి బాగా కుదురుతాయి. అచ్చులోంచి సులువుగా ఊడివస్తాయి, గాలి బుడగ చిక్కుకునే మూలలూ తక్కువ. అడ్డంగా వేసిన నిరంతర గట్లు నాకు అంత ఇష్టం లేదు, బుడగ సంగతి పైన చెప్పాను. గట్లే కావాలంటే మధ్యలో తెగ్గొట్టి, గాలి పోయే దిక్కు వెంబడి పెట్టడం నయం. గుంటలు చూడ్డానికి బాగుంటాయి, బరువు పెంచవు. అయితే రంధ్రం మరీ దగ్గరగా ఉంటే ధార గుంటలోనే తిరగబడి తిరిగి పైకి వస్తుంది, లాభం పోతుంది.

గరుకు చేస్తే ఒత్తిడి నష్టం పెరగదా?

గట్లున్న పొడవాటి గొట్టంలో అయితే బాగా పెరుగుతుంది, అక్కడ గరుకుదనానికి కట్టే మూల్యమే అది. ఇంపింజ్‌మెంట్‌లో ఒత్తిడిలో ఎక్కువ భాగం రంధ్రాల దగ్గరే ఖర్చవుతుంది. గోడ నున్నగా ఉన్నా గరుకుగా ఉన్నా మొత్తం నష్టంలో తేడా స్వల్పం. గరుకు గోడకి ఇంపింజ్‌మెంట్ ఇంత చక్కటి జోడీ కావడానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతాను.

ఒక షరతు ఉంది. మొదటి వేన్ ముందు అంచు దగ్గర బయట ఒత్తిడి దాదాపు కంబస్టర్ నుంచి వచ్చిన మొత్తం ఒత్తిడే. చల్లటి గాలికి ఉన్న మిగులు కంబస్టర్‌లో పోయిన 3 నుంచి 5 శాతం మాత్రమే. అందులోనే ధారలూ చిమ్మాలి, తర్వాత ఫిల్మ్ రంధ్రాల్లోంచి గాలి బయటికీ పోవాలి. మిగులు తరిగితే బయటి మంట వాయువు లోపలికి ఎదురొస్తుంది, వేన్ కాలిపోతుంది. అక్కడ బొడిపెలు దారిని ఇరుకు చేసి గాలి పంపకాన్ని మార్చేస్తాయేమో కచ్చితంగా కొలవాలి.

దుమ్ము వల్ల సమస్య ఉంటుందా?

ఉంటుంది. పేపర్లలో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదనిపిస్తుంది. ఎడారి ప్రాంతాల్లో ఎగిరే విమానాల ఇంజిన్లలోకి సన్నటి ఇసుక ధూళి పోతుంది. ధార తిన్నగా కొట్టేచోటే ధూళి కూడా తిన్నగా వెళ్లి గోడకి అతుక్కుంటుంది, ఒక్కో రంధ్రానికి ఎదురుగా చిన్న గుట్ట లేస్తుంది. వేడిని లాగే చోటే కప్పబడిపోతుంది. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద చిమ్మినప్పుడు ఐరోపాలో విమానాలు ఆపేసింది ఇంజిన్లకి ఇలాంటి ముప్పు ఉందనే. గరుకు గోడ ధూళిని ఇంకా బాగా పట్టుకుంటుంది. సముద్రం మీదుగా శుభ్రమైన గాలిలో ఎగిరే ఇంజిన్‌కి ఇచ్చిన సలహాను ఇసుక నేలల్లో పనిచేసేదానికి ఇవ్వకూడదు.

బ్లేడు లోపలి గోడ మీద బొడిపెలు ఎలా పెడతారు? మన దగ్గర ఆ పని జరుగుతోందా?

మైనం పోతతో. బ్లేడు లోపల ఖాళీగా ఉండాల్సిన ఆకారాన్ని ముందు సిరామిక్ కోర్‌గా చేస్తారు. బొడిపె రావాల్సినచోట కోర్‌లో గుంట ఉంటుంది. దాని చుట్టూ మైనం, మైనం చుట్టూ సిరామిక్ పెంకు. మైనం కరిగించి తీసేసి, కరిగిన అల్లాయ్ పోసి, చివర్లో కోర్‌ను రసాయనంతో కరిగిస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు మట్టి, మైనంతో ఇత్తడి బొమ్మలు పోసేదీ మూలంలో ఇదే పద్ధతి. ఆ గ్రామాల్లో పని చూసినప్పుడు నాకు బ్లేడు పోత సగం అర్థమైంది.

హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్ సింగిల్ క్రిస్టల్ (మొత్తం ఒకే స్ఫటికంగా ఉండే) బ్లేడ్ల పోత సాంకేతికతను సొంతంగా అభివృద్ధి చేసింది, 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడ్లను హెచ్‌ఏఎల్‌కి అందించింది. సూపర్ అల్లాయ్‌లు చేసే మిధానీ, గ్యాస్ టర్బైన్లు చేసే బీహెచ్‌ఈఎల్ కర్మాగారం కూడా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కృష్ణా తీరాన కొండపల్లి గ్యాస్ ప్లాంట్లు కేజీ బేసిన్ గ్యాస్ మీద ఆశతో వచ్చాయి. గ్యాస్ కొరతతో వాటిలో చాలా యంత్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలిచాయి. ఇంత పనితనం దాగిన బ్లేడ్లు తిరగకుండా ఉండటం చూస్తే బాధేస్తుంది.

త్రీడీ ప్రింటింగ్‌తో దారి మారుతోంది. 2017లో సీమెన్స్ ముద్రించిన బ్లేడ్లను నిమిషానికి 13,000 చుట్లు తిరిగే యంత్రంలో పూర్తి లోడు మీద పరీక్షించింది. కోర్‌తో సాధ్యం కాని లోపలి ఆకారాలు ముద్రణలో సాధ్యం. పైగా ముద్రించిన గోడ దానంతటదే గరుకుగా వస్తుంది. ఆ సహజమైన గరుకు కూడా వేడిని లాగుతుంది, రంధ్రాల్లో ఒత్తిడినీ తింటుంది.

కంప్యూటర్‌లో సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడం) చేస్తే సరిపోదా?

కల్లోలాన్ని అంచనా వేసే మోడళ్లలో మామూలు కె-ఎప్సిలాన్‌తో చేస్తే సరిపోదు. ధార గోడను తాకే బిందువు దగ్గర అది కల్లోలాన్ని లేనంతగా ఊహించి, ఉష్ణ బదిలీని బాగా ఎక్కువ చూపిస్తుంది. రెండో శిఖరాన్ని పట్టుకోదు. ఎస్ఎస్‌టీ కె-ఒమేగా నయం, వీ2-ఎఫ్ ఇంకా నయం. ఏది వాడినా ముందు నున్నటి పలక, ఒంటరి ధార కేసును ప్రచురిత కొలతలతో సరిపోల్చి, తర్వాతే బొడిపెల జోలికి వెళ్లండి.

మా కాలేజీలో ఈ ప్రయోగం చేయాలంటే ఎలా?

అంత ఖర్చేమీ కాదు. ఇంజిన్‌లో 1 మిల్లీమీటరు రంధ్రం బదులు 10 మిల్లీమీటర్లది తీసుకోండి. గది గాలితో సెకనుకు సుమారు 46 మీటర్ల వేగం ఇస్తే అదే 29,000 రెనాల్డ్స్ సంఖ్య వస్తుంది. ఒక మంచి బ్లోయర్ చాలు.

రంధ్రాల పలకతో జాగ్రత్త. మా మొదటి రిగ్‌లో ఒక ధార కింద శిఖరం ఎప్పుడూ తక్కువగా వచ్చేది. మూడు వారాలు కెమెరానూ, రంగునూ, లెక్కనూ అనుమానించాం. చివరికి చూస్తే డ్రిల్లింగ్‌లో ఆ రంధ్రం అంచుకి మిగిలిన సన్నటి బర్ (లోహపు పొలుసు). అప్పటి నుంచి ప్రతి రంధ్రం అంచునూ వేలితో తడిమి, పలక మొత్తం డిశ్చార్జ్ కోఎఫిషియంట్ (లెక్క ప్రకారం పోవాల్సిన గాలిలో నిజంగా పోయే వంతు) కొలిచాకే ముందుకు వెళ్తున్నాం.

నున్నటి గోడకి లిక్విడ్ క్రిస్టల్ పద్ధతి అందంగా ఉంటుంది. యాక్రిలిక్ పలక మీద ఉష్ణోగ్రతకి రంగు మారే పూత వేసి, వేడి గాలిని ఒక్కసారిగా వదిలి, ఏ బిందువు ఎన్ని సెకన్లకి ఆకుపచ్చకి తిరిగిందో వీడియోలో చూస్తారు. వేడి పలక అవతలి ముఖానికి చేరేలోపు ప్రయోగం ముగియాలి. 12 మిల్లీమీటర్ల యాక్రిలిక్ అయితే నిమిషం దాకా ఇబ్బంది లేదు.

గరుకు గోడకి ఇదే పద్ధతి వాడితే తప్పు వస్తుంది. చిన్న బొడిపెలోకి వేడి అన్ని వైపుల నుంచీ పోతుంది, లెక్క మాత్రం ఒకే దిక్కున పోతుందనుకుంటుంది. అక్కడ పాత పద్ధతే మంచిది: బొడిపెలతో సహా చెక్కిన రాగి లేదా అల్యూమినియం దిమ్మలు, వెనక హీటర్, దిమ్మల మధ్య వేడి పాకకుండా పల్చటి ఇన్సులేషన్, ఒక్కో దిమ్మలో థర్మోకపుల్. నిలకడకి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఓపిక పట్టండి. వచ్చిన అంకెల్ని థీసిస్ పట్టికలో రెండు వరుసలుగా వేయండి, ఒకటి చదును వైశాల్యంతో, ఒకటి తడిసే వైశాల్యంతో. పట్టిక పక్కనే దిమ్మ ఏ లోహమో, దాని ఉష్ణ వాహకత ఎంతో కూడా రాయండి. తర్వాత చదివేవారు దాన్ని నికెల్ అల్లాయ్‌కి మార్చుకోవాలంటే ఆ అంకె కావాలి.